మీటరు మీద 41 వేలు: నాన్న పద్మినిని బాగు చేయించి అమ్మిన నా అనుభవం

2025 ఫిబ్రవరి 9, ఆదివారం పొద్దున మా నాన్న ప్రీమియర్ పద్మిని కారు మా గేటు దాటి వెళ్లిపోయింది. కొన్నాయన హైదరాబాద్ మనిషి. బాగు చేయించడానికి పద్నాలుగు నెలలు, కాగితాలకు మూడు నెలలు, అమ్మడానికి ఆరు నెలలు పట్టింది. ఈ రెండేళ్లూ నన్ను అందరూ అడిగింది ఒకటే: "ఎంత తిరిగింది?" ఆ ప్రశ్న దగ్గర నేను బోర్లా పడ్డాను. పాత బండి షెడ్డులో పెట్టుకుని, బాగు చేయించి అమ్ముదామా అని చూస్తున్న వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన దగ్గర మైలేజీ అంటే లీటరుకు ఎంత ఇస్తుందనే. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఈ బండి ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి "మైలేజ్ ఎంతిస్తది సార్?" అనేవారు. పన్నెండు అంటే "అబ్బో" అని బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయేవారు. నేను చెప్పబోయేది ఆ మైలేజీ కాదు. బండి పుట్టినప్పటి నుంచి తిరిగిన కిలోమీటర్ల సంగతి.

నాన్న డాక్టరు. 1978లో కొత్తగా కొన్నారు. బుక్ చేసి చాలాకాలం ఎదురు చూశాక వచ్చిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2019లో మోకాళ్లు మొరాయించాక బండిని షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. 2021లో ఆయన పోయారు. 2023 సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు పాత ఇంటి పంపకాల మాట వచ్చింది. షెడ్డు ఉన్న వైపు అమ్మకానికి పెట్టాలి. బండి ఏం చేద్దాం? తుక్కు కొనేవాడు వచ్చి చుట్టూ ఒక్కసారి తిరిగి 22 వేలు అన్నాడు. అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేనొక్కణ్నే వెళ్లి టార్పాలిన్ తీశాను. ఎలుకలు వెనక సీటులో కాపురం పెట్టాయి. డ్రైవింగ్ సీటులో కూర్చుని మీటరు అద్దం మీద దుమ్ము బొటనవేలితో తుడిచాను. 41287. నలభై ఐదేళ్ల బండి, నలభై ఒక్క వేల కిలోమీటర్లు! ఆ రాత్రంతా ఫోన్‌లో పాత బండ్ల ధరలు చూస్తూ కూర్చున్నాను. తక్కువ తిరిగిన పాత బండికి మంచి గిరాకీ అని చదివాను. అది ఎలాంటి బండి గురించి చెబుతున్నారో చదవలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

ఫిబ్రవరి 20న పని మొదలైంది. ఇంజిన్ పనికి ఊళ్లోనే ఒక చాచా ఉన్నాడు. డెబ్బై దాటినయ్. నాన్న బండిని ఆయన తండ్రి కూడా చూసేవాడట. మొత్తం లక్షా ఎనభై వేలవుతుందని, ఐదు నెలలు పడుతుందని నేనే కాగితం మీద లెక్కేసుకున్నాను. చాచా ఆ కాగితం చూసి, మడిచి, నా జేబులోనే పెట్టాడు.

రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు సున్నంతో మూసుకుపోయి ఉన్నాయి. ఇంజిన్ లోపల నీళ్లు తిరిగే దారులు కూడా అంతే, తెల్లగా పెంకు కట్టినట్టు. "నల్గొండ బోరు నీళ్ల పుణ్యం బేటా ఇది" అన్నాడు చాచా. ఊరి నీళ్లు మన పళ్లనే కాదు, బండ్లను కూడా వదల్లేదన్నమాట. మీ దగ్గర పాత బండి ఉంటే కూలెంట్ పోయండి. అదీ లేకపోతే డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు మాత్రం వద్దు.

మార్చి 11న పిస్టన్లు బయటికొచ్చాయి. చాచా ఒకదాన్ని కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, తల మీద మసి గోకి నా చేతిలో పెట్టాడు. చిన్నగా 0.4 అని చెక్కి ఉంది. ఈ ఇంజిన్‌కు కంపెనీ నుంచి వచ్చే బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 68 మిల్లీమీటర్లు. సిలిండర్లు అరిగితే లేత్ మీద కొంచెం పెద్దవి చేసి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు, ఆ 0.4 అదే. అంటే ఇది కంపెనీ పిస్టన్ కాదు. ఎప్పుడో ఒకసారి బోరు అయింది.

"నలభై వేలకు బోరు ఎవరు చేయిస్తరు?" అన్నాడు చాచా.

"దుమ్ము రోడ్లు కదా చాచా, ఫిల్టర్ సరిగ్గా లేక అరిగి ఉంటది."

ఆయన నా మొఖం చూసి ఇంకేం అనలేదు. బ్రేక్ పెడల్ రబ్బరు ఊడదీసి పక్కన పెట్టాడు. దాని మీద గీతలన్నీ ఎప్పుడో పోయి, ఒక మూల నుంచి ఇనుము తేలి మెరుస్తోంది. అదీ చూశాను. చూసి కూడా, కొత్త రబ్బరు వేయమన్నాను. పాతది చెత్తబుట్టలోకి పోయింది.

బాడీ పనికి హైదరాబాద్ పంపాను. బండిని లారీ మీద ఎక్కించి తీసుకెళ్లడానికే ఆరున్నర వేలు. రెండు నెలలన్న పని తొమ్మిది నెలలు పట్టింది. డ్రైవర్ కాళ్ల కింద రేకు జల్లెడైందని, డోర్ల అడుగున కూడా తుప్పేనని ఫోన్‌లో ఫొటోలు వచ్చేవి. ప్రతి ఫొటో వెనకా ఒక అంకె వచ్చేది. బంపర్లకు క్రోమ్ పూత ఖరీదు విన్నప్పుడు పెళ్లికి బంగారం కొంటున్నానా అనిపించింది. వెనక లైట్ల అద్దాలు ఇక్కడ దొరక్క చెన్నై పుదుపేటలో ఒక దుకాణం నుంచి తెప్పించాం. హైదరాబాద్ పుత్లీబౌలిలో బండి సామాను దుకాణాల చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. అక్కడ దుకాణాల వాళ్లకు పద్మిని అంటే ఇప్పటికీ ఒక ప్రేమ ఉంది. సామాను లేకపోయినా కూర్చోబెట్టి చాయ్ తాగించారు.

ఆ మధ్యలోనే, 2023 అక్టోబరు 30న, ముంబైలో చివరి పద్మిని టాక్సీ రోడ్డు దిగిపోయిందని వార్త వచ్చింది. పేపర్లో ఫొటో కూడా. బాడీ షెడ్డులో పెయింటు వేసే కుర్రాడు ఆ పేపరు చూపించి "ఇంక మీ బండికి రేట్ పెరుగుతది సార్" అన్నాడు. బండి రేటు సంగతేమో గానీ నా ఆశ మాత్రం పెరిగింది.

నవంబరులో మీటరు రిపేరుకు వెళ్లిన రోజు మాత్రం నాకు బాగా గుర్తు. సూది ఊగుతోంది, కేబుల్ కూడా మార్చాలి. చిన్న దుకాణం, ఒక బల్ల, ఒక టేబుల్ లైటు. ముప్పై ఏళ్ల కుర్రాడు మీటరు విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎంత పెట్టాలె సార్?"

నాకు అర్థం కాలేదు. "ఏం?"

"రీడింగ్. మొత్తం కొత్తగ చేపిచ్చిన్రు గద, సున్నా పెట్టాల్నా? చానమంది సున్నానే పెట్టిచ్చుకుంటరు. లేదంటే పన్నెండు వేలు పెడ్త, మంచిగ నమ్ముతరు."

సన్నటి ఇరుసు మీద ఐదు చిన్న చక్రాలు, ఒక్కోదాని అంచున సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. సన్న స్క్రూడ్రైవర్‌తో మొదటి చక్రాన్ని కొంచెం పక్కకు నెట్టి, గోటితో తిప్పాడు. నాలుగు పోయి ఒకటి వచ్చింది. మళ్లీ తిప్పాడు, నాలుగు. "చూసిన్రా? మూడు వందలు ఎక్స్‌ట్రా, గంతే." నేను పది నెలలుగా దేవుడి పటంలా చూసుకుంటున్న అంకె అతని గోటి కింద రెండు సెకన్లలో అటు పోయి ఇటు వచ్చింది.

ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నాను. ఇంటికొస్తుంటే చిట్యాల దగ్గర ఇంకో సంగతి తట్టింది. చక్రాలు ఐదే. ఆరోది లేదు. 99,999 తర్వాత ఏం చూపిస్తుంది? మళ్లీ సున్నాలే కదా. అప్పుడు కూడా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాన్న అంత ఎక్కడ తిరిగి ఉంటారులే, క్లినిక్కూ ఇల్లూ తప్ప!

2024 ఏప్రిల్ చివరికి బండి ఇంటికొచ్చింది. ఖర్చు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ 78 వేలు. బాడీ, పెయింటు లక్షా 65 వేలు. క్రోమ్ 38 వేలు. సీట్లు, రెక్సిన్ 32 వేలు. వైరింగ్, లైట్లు 21 వేలు. ఐదు టైర్లు 19 వేలు. రబ్బర్లు, అద్దాలు, చిల్లర సామాను 41 వేలు. లారీ కిరాయి, నా తిరుగుళ్లు 18 వేలు. మొత్తం 4 లక్షల 12 వేలు. నేను వేసుకున్న లెక్కకు రెట్టింపు దాటింది. ఆ కాగితం ఇప్పటికీ పర్సులో ఉంది.

టైర్ల దగ్గర ఒక చిన్న ముచ్చట. దీని అసలు సైజు 5.20-14. అది దొరక్క దగ్గర్లో ఉన్న రేడియల్ వేశాం. మిర్యాలగూడ రోడ్డు మీద ఒక రోజు ఫోన్‌తో పోల్చి చూశాను. ఫోన్ 50 కిలోమీటర్లంటే మీటరు 52 అంది. అంటే టైరు మారితే లెక్క కూడా మారుతుంది. ఇన్నేళ్లలో ఎన్ని రకాల టైర్లు మారాయో ఆ చక్రాలకే తెలియాలి.

తర్వాత కాగితాలు. ఆర్‌సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంది. ఫారం 31, డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అమ్మ, అక్క అభ్యంతరం లేదని ఇచ్చిన అఫిడవిట్లు. అక్క ఉండేది కరీంనగర్‌లో. ఆమె సంతకం కోసమే మూడు వారాలు పోయాయి. ఒకసారి నేను జిరాక్సులు తెచ్చి ఒరిజినల్స్ ఇంట్లో మరిచిపోయాను. రిజిస్ట్రేషన్ గడువు 2023 ఆగస్టుతో అయిపోయింది. అప్పుడు, 2024లో, రెన్యూవల్ ఫీజు 5 వేలు, ఆలస్యానికి నెలకు 500 చొప్పున తొమ్మిది నెలలకు 4,500, గ్రీన్ టాక్స్ వేరే. బండి షెడ్డులో విప్పి ఉన్నా సరే, గడువు లోపల రెన్యూవల్ సంగతి చూసుకోండి. ఇన్‌స్పెక్షన్ రోజున బానెట్ ఎత్తి, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీశారు. బూడిద రంగులో ఒక్కో అంకే పైకి తేలింది. ఇంజిన్ నంబరు కూడా ఆర్‌సీతో కలిసింది. అప్పుడు నాకది పెద్ద విషయంగా అనిపించలేదు.

ఆగస్టు 15న అమ్మకానికి పెట్టాను. ఐదున్నర లక్షలు అడిగాను. ప్రకటనలో మొదటి మాట: "ఒరిజినల్ 41 వేల కి.మీ. మాత్రమే". పది రోజుల్లో ఇరవై ఏడు ఫోన్లు. వచ్చి చూసినవాళ్లు ముగ్గురు.

మొదటతను సూర్యాపేట కుర్రాడు, పెళ్లి ఫొటోషూట్లకు కావాలట. మీటరు వైపు చూడనే లేదు. "రెడ్ కలర్ కొట్టిస్తే అయితది గద అన్నా?" అని అడిగి, రెండు లక్షల డెబ్బై ఐదు వేలిస్తానన్నాడు. ఇంకొకాయన చూసి, చాయ్ తాగి, మళ్లీ ఫోన్ చేయలేదు.

మూడో ఆయన సెప్టెంబరు 8న హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇంట్లో ఇప్పటికే నాలుగు పాత బండ్లున్నాయట. చేతిలో టార్చి, జేబులో చిన్న అయస్కాంతం. ముందు ఆర్‌సీ అడిగి, చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఒక్కో అంకే వేలు పెట్టి చూసుకున్నాడు. "ఇంజిన్ మార్చలేదు, ఇది మంచి మాట" అన్నాడు. పద్మినీలకు డీజిల్ ఇంజిన్లు ఎక్కించిన వాళ్లు చాలామంది ఉన్నారని, అలాంటివి తను ముట్టుకోనని చెప్పాడు. తర్వాత గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని డోర్ల అడుగున, చక్రాల పైన రేకు మీద జరుపుతూ పోయాడు. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు. వెనక కుడి డోరు దగ్గర ఒకచోట జారి కింద పడింది. నేను వేరే వైపు చూశాను.

ఇరవై నిమిషాల తర్వాత గానీ లోపల కూర్చోలేదు. కూర్చున్నాక ముందు చూసింది మీటరు కాదు, పెడళ్లు.

"రబ్బర్లు కొత్తవేశారు. పాతవి ఉన్నాయా?"

"పారేశాం సార్."

"పాత సీట్ల రెక్సిన్?"

"అదీ పోయింది."

"నలభై ఒక్క వేలకు కాగితం ఏమైనా ఉందా? సర్వీసు బిల్లులు, పాత రసీదులు?"

లేదన్నాను. మీటరే సాక్ష్యం అన్నాను. నవ్వలేదు, అది ఆయన మర్యాద. మెల్లగా చెప్పాడు. ముట్టుకోని బండి వేరు. కంపెనీ పెయింటు, కంపెనీ సీట్లు, విప్పని ఇంజిన్, వాటితో పాటు ఏ ఏడు ఎంత తిరిగిందో కాగితాలు ఉంటే ఆ కిలోమీటర్లకు తను డబ్బు పెడతాడు. ఎందుకంటే ఆ బండిలో ఉన్న ప్రతి వస్తువూ అంతే తిరిగింది. "మీరు పిస్టన్లు కొత్తవేశారు, బేరింగులు కొత్తవి, సీట్లు కొత్తవి, పెయింటు కొత్తది. ఆ నలభై ఒక్క వేలు తిరిగింది ఇప్పుడు ఈ బండిలో ఏది సార్?"

నా దగ్గర జవాబు లేదు. షెడ్డులో తీసిన పాత ఫొటోలు చూపించాను. వెలిసిపోయిన పెయింటు, చిరిగిన వెనక సీటు, ముందు సీటు మాత్రం బాగానే ఉంది. చాలాసేపు జూమ్ చేసి చూశాడు. "దీన్ని కడిగి, ఇంజిన్ నడిచేలా చేసి, మిగతాది ఇలాగే ఉంచి ఉంటే..." అని ఆపేశాడు. మూడు లక్షల 75 వేలన్నాడు. నేను వద్దన్నాను. కోపంతోనే అన్నాను, ఇప్పుడు ఒప్పుకుంటాను.

కాగితం ఉందా అన్న మాట మాత్రం తొలుస్తూనే ఉంది. బతుకమ్మకు అక్క వచ్చింది. దసరా ముందు రోజు ఇద్దరం పాత ఇంట్లో సజ్జ మీది ట్రంకు పెట్టె దించాం. మెడికల్ రెప్‌లు ఏటా ఇచ్చే డైరీలు, మందుల కంపెనీల పేర్లతో, ముప్పై ఒకటి దొరికాయి. నాన్న అందులో రోగుల సంగతులు రాయలేదు. పెట్రోలు రాశారు. తేదీ, ఎన్ని లీటర్లు, మీటరు రీడింగు. ప్రతిసారీ. పక్కన అప్పుడప్పుడు ఒక ముక్క: "పంక్చర్, నార్కట్‌పల్లి", "హాలియా కేసు, రాత్రి రెండింటికి", "దేవరకొండ రోడ్డు బాగాలేదు". క్లినిక్కూ ఇల్లూ తప్ప తిరగలేదనుకున్నాను కదా, మనిషి రాత్రిళ్లు జిల్లా మొత్తం తిరిగాడు.

1987 జూలైలో: "ఇంజిన్ బోరు. 18 రోజులు బండి లేదు." చాచా మొఖం గుర్తొచ్చింది.

1990 డిసెంబరు 23 పేజీ అక్క తీసింది. సూర్యాపేటలో పెళ్లికి వెళ్తున్నాం. నాన్న రాత: "నకిరేకల్ దాటాక 00000. ఆపి పిల్లలకు చూపించాను."

"నాకు గుర్తుంది రా! రోడ్డు పక్కన ఆపాడు. అన్నీ తొమ్మిదులు, కొంచెం ముందుకు పోనిచ్చాడు, అన్నీ ఒకేసారి తిరిగినయ్. నేను చప్పట్లు కొట్టిన."

"నేను?"

"నువ్వు నిద్రపోతున్నవ్. లేపుదామంటే నాన్నే వద్దన్నడు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నాకు కడుపులో ఏదో జారినట్టయింది. లక్షా నలభై ఒక్క వేలు. అక్కడితో అయిపోలేదు. 1996 జూన్‌లో "మీటరు కేబుల్ తెగింది" అని ఉంది. ఆ తర్వాత పెట్రోలు లీటర్లున్నాయి గానీ రీడింగు ఉండాల్సిన చోట గీత. 1999 మార్చిలో మళ్లీ అంకెలు మొదలయ్యాయి, ఆగిన చోటి నుంచే. మధ్యలో దాదాపు మూడేళ్లు బండి తిరిగింది, మీటరు తిరగలేదు.

ఇరవై ఏడు మందికి నలభై ఒక్క వేలని చెప్పాను. తెలియక చెప్పినా చెప్పింది అబద్ధమే. మా ఆవిడ "ఆ డైరీలు ఎవరు చూడొచ్చారు?" అంది. నిజమే, మళ్లీ సజ్జ ఎక్కిస్తే ఎవరికీ తెలియదు. అప్పటికి మహబూబ్‌నగర్ నుంచి ఒకాయన ఫోన్‌లోనే నాలుగు లక్షల పాతిక వేలకు దాదాపు ఒప్పుకుని ఉన్నాడు, ఆ నలభై ఒక్క వేలు చూసే. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు ఆయనకు ఫోన్ చేసి ఉన్నది చెప్పాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మూడున్నర అయితే చూద్దాం" అన్నాడు. ఒక్క ఫోన్‌లో డెబ్బై ఐదు వేలు తగ్గింది. అంటే కిలోమీటర్లకు ధర లేదని అనలేం. అంకె చూసి కొనేవాడి దగ్గర ఉంటుంది.

ప్రకటన మార్చాను. "మీటరు 41 వేలు, ఒకసారి సున్నా దాటింది, మూడేళ్లు కేబుల్ లేదు." నవంబరులో రెండే ఫోన్లు. డిసెంబరులో ఒకటి, అదీ పొరపాటున వచ్చింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

సంక్రాంతి అయ్యాక సిగ్గు చంపుకుని ఆ హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేశాను. లక్షా నలభై అన్నాను, డైరీల సంగతి చెప్పాను. "డైరీలా?" అన్నాడు. జనవరి 19న వచ్చాడు. ఈసారి బండి దగ్గరికి వెళ్లనే లేదు. వరండాలో కుర్చీ వేసుకుని రెండు గంటలు డైరీలు తిప్పుతూ కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన సకినాలు తింటూ, పేజీకి నూనె అంటకుండా చేతి వెనక వైపుతో తిప్పడం చూసి అమ్మకు నచ్చాడు.

మూడు లక్షల 90 వేలన్నాడు, డైరీలతో కలిపి. ముందు చెప్పినదాని కంటే పదిహేను వేలు ఎక్కువ. నాకు నమ్మబుద్ధి కాలేదు. "లక్షా నలభై అంటే తగ్గిస్తారనుకున్నా సార్."

"ఇంజిన్ ఎన్ని తిరిగిందో మీ చాచా బిల్లు చెబుతోంది కదా."

నిజమే. చాచా బిల్లంటే గళ్ల కాగితం మీద బాల్‌పెన్ రాత. కానీ పాత అలవాటు కొద్దీ పైన తేదీ పక్కనే రీడింగు వేశాడు: 41287. ఇప్పుడు మీటరు 41,900 చిల్లర. అంటే కొత్తగా చేసిన ఇంజిన్ ఆరు వందల పైచిలుకు తిరిగింది. బాగు చేయించిన బండిలో తనకు కావాల్సిన లెక్క అదేనన్నాడు. మీటరు రిపేరు కుర్రాడి మాట విని సున్నా పెట్టించి ఉంటే ఆ బిల్లుకూ మీటరుకూ పొత్తు కుదిరేది కాదు. అప్పుడు డైరీలు చూపించినా ఎవరు నమ్ముతారు? మీరెవరైనా ఈ పని చేయిస్తే ప్రతి బిల్లు మీదా రీడింగు రాయించుకోండి. ఊడదీసిన పాత సామాను ఒక పెట్టెలో పడేసి ఉంచండి, పెడల్ రబ్బరుతో సహా.

వింటేజ్ నంబరు సంగతి కూడా అడిగాను, ఎందుకంటే ఫోన్ చేసినవాళ్లలో సగం మంది అది వస్తుందా అన్నారు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మాది 2028లో గానీ రాదు. ఫీజు 20 వేలు, నంబరులో వీఏ అని వస్తుంది. కానీ ఆ నంబరు తీసుకుంటే రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, రిపేరు, ఇలాంటి వాటికే రోడ్డెక్కాలి. "ఆదివారం పూట బిర్యానీకి పోవాలి సార్ నేను, నాకెందుకు అది" అన్నాడాయన.

యాభై వేలు అడ్వాన్సు అప్పుడే బ్యాంకులో వేశాడు. ఫిబ్రవరి 9న మిగతాది. ఫారం 29, 30 మీద సంతకాలు, ఇన్సూరెన్సు కాగితం, రెండు తాళాలు. వాటితో పాటు నేనే తెల్లకాగితం మీద ఒకటి రాసిచ్చాను. మీటరు రీడింగు 41,963. 23-12-1990న ఒకసారి సున్నా దాటింది. 1996 జూన్ నుంచి 1999 మార్చి వరకు మీటరు పనిచేయలేదు. రాస్తుంటే పరీక్షలో తప్పు ఒప్పుకుంటున్నట్టుంది గానీ, సంతకం పెట్టాక భుజం మీది బరువు దిగినట్టయింది. చాచా కూడా వచ్చాడు. బానెట్ ఎత్తి ఆయిలు చూసి, ఏమీ మాట్లాడకుండా దించాడు.

నాకు చేతి నుంచి పోయింది ఎంతో లెక్క చూసుకోవచ్చు, కాగితాల ఖర్చు ఇంకో ఇరవై వేల దాకా ఉంది. ఆయన రివర్స్ చేస్తుంటే అమ్మ గేటు దగ్గరికి రాలేదు. కిటికీ దగ్గర నిలబడింది.

డైరీలు ముప్పై ఒకటి ఇస్తానని మాటిచ్చాను, ముప్పయ్యే ఇచ్చాను. 1990ది అక్క సంక్రాంతికే బ్యాగులో వేసుకుని కరీంనగర్ తీసుకెళ్లిపోయింది. అడిగితే ఇవ్వనంది. ఆయనకు చెబితే నవ్వి, ఆ ఒక్క పేజీ జిరాక్స్ చాలన్నాడు. అక్క ఫోన్‌లో ఫొటో తీసి పంపింది. నేను ప్రింట్ తీయించి కొరియర్ చేశాను. ఫొటోలో కింది మూలన అక్క బొటనవేలు కూడా పడింది.